బ్రిటన్‌లో లాటరీ, బెట్టింగ్ కౌంటర్ దగ్గర కొనేవారి వయసును ఎలా సరిచూడాలి?

చదువు కోసం బ్రిటన్ వెళ్ళిన తెలుగు విద్యార్థుల్లో చాలామంది, తరగతులు జరిగే రోజుల్లో వీసా అనుమతించే వారానికి 20 గంటల పనిని ఏ వీధి చివరి దుకాణంలోనో, పెట్రోల్ బంకులోనో వెతుక్కుంటారు. పాలు, బ్రెడ్డు అమ్మే ఆ కౌంటర్ మీదే నేషనల్ లాటరీ టికెట్లు, స్క్రాచ్ కార్డులు కూడా ఉంటాయి. 18 ఏళ్ళు నిండనివారికి వాటిని అమ్మడం నేరం. 2021 అక్టోబరు 1కి ముందు లాటరీకి ఈ వయసు 16 ఏళ్ళే. పాత లెక్కనే గుర్తుపెట్టుకున్నవారు ఇప్పటికీ ఉంటారు కనుక, వారి మాట విని పొరబడకూడదు. మన రెండు రాష్ట్రాల్లో లాటరీ అమ్మకానికి అనుమతి లేదు కాబట్టి, వయసు అడిగి టికెట్ ఇచ్చే అలవాటు మనకు ఇంటి దగ్గర అబ్బేది కాదు. దాన్ని అక్కడే నేర్చుకోవాలి.

ముందుగా ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. 18 నిండలేదని అనుమానం వచ్చినవారిని మాత్రమే అడిగితే సరిపోదు, ఎందుకంటే ముఖం చూసి వయసు చెప్పడంలో ఎంతటివారైనా నాలుగైదేళ్ళు తప్పుతారు. అందుకే 25 ఏళ్ళ లోపు కనిపించే ప్రతి ఒక్కరినీ గుర్తింపు కార్డు అడగాలనే పద్ధతి అక్కడ స్థిరపడింది. బెట్టింగ్ షాపుల వంటి చోట్ల 21గా ఉన్న ఈ హద్దును జూదాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ 2024 ఆగస్టు 30 నుంచి 25కు పెంచింది. మద్యం, సిగరెట్ల అమ్మకంలో చాలా దుకాణాలు పాటించేదీ ఇదే లెక్క.

నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. చట్టం తెలియక జరిగే తప్పుల కంటే మొహమాటం వల్ల జరిగేవే ఎక్కువని నేను నమ్ముతాను. రోజూ వచ్చి పలకరించే కుర్రవాడిని, వెనక వరుసలో పదిమంది నిలబడి ఉండగా కార్డు చూపమనడానికి కొత్తగా పనిలో చేరినవారికి నోరు రాదు. అలాంటప్పుడు వివరణ ఇవ్వకుండా, క్షమాపణ చెప్పకుండా, "25 లోపు కనిపించే అందరినీ అడుగుతామండీ, మీ గుర్తింపు కార్డు చూపిస్తారా?" అని మామూలు గొంతుతో అడగడం మంచిది. అందరినీ అడిగే ప్రశ్న అయినప్పుడు అది ఎవరికీ అవమానం కాదు.

తరువాత, చూపించిన కార్డు చెల్లేదో కాదో చూడాలి. పాస్‌పోర్టు, ఫొటో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, సైనిక గుర్తింపు కార్డు, పాస్ (PASS, బ్రిటన్‌లో వయసు ధ్రువీకరణ కార్డులకు గుర్తింపునిచ్చే పథకం) హోలోగ్రామ్ ఉన్న వయసు ధ్రువీకరణ కార్డు చెల్లుతాయి. దాని మీద ఫొటో, పుట్టిన తేదీ ఉండాలి, గడువు మిగిలి ఉండాలి, అక్షరాలు చదవగలిగేలా ఉండాలి, దిద్దిన ఆనవాళ్ళు కనిపించకూడదు. కార్డును పర్సులోంచి తీసి చేతికి ఇమ్మనాలి; ప్లాస్టిక్ కవరు వెనక నుంచి చూస్తే అంచులు చీల్చి అతికించారో లేదో తెలియదు. పాస్ హోలోగ్రామ్ కార్డు ఉపరితలంలో కలిసిపోయి ఉంటుంది, వేలితో తడిమినప్పుడు పైన అంటించినట్టు తగిలితే ఆ కార్డును తిరస్కరించాలి. ఫోన్‌లో దాచుకున్న పాస్‌పోర్టు ఫొటోను ఒప్పుకోకూడదు.

లైసెన్సు ఉంది కదా, పెద్దవాడే అనుకోవడం పెద్ద పొరపాటు. బ్రిటన్‌లో ప్రొవిజనల్ (డ్రైవింగ్ నేర్చుకునేవారికి ఇచ్చే) లైసెన్సుకు 15 ఏళ్ళ 9 నెలలకే దరఖాస్తు చేసుకోవచ్చు, 17కే కారు నడపడం నేర్చుకోవచ్చు. పాస్ కార్డులు కూడా 18 లోపు పిల్లలకు ఇస్తారు. కాబట్టి కార్డు ఉండడం ముఖ్యం కాదు, దాని మీది తేదీని చదవాలి. ఈ ఏడాదిలోంచి 18 తీసివేసి, వచ్చిన సంవత్సరంలో ఇదే తేదీన గానీ అంతకుముందు గానీ పుట్టినవారికే అమ్మాలి. పుట్టినరోజు రేపే అయినా ఈ రోజు అమ్మకూడదు.

బ్రిటిష్ లైసెన్సులో తేదీని సరిపోల్చుకోవడానికి మరో దారి కూడా ఉంది. లైసెన్సు నంబరులో, ఇంటిపేరులోని మొదటి ఐదు అక్షరాల తరువాత వచ్చే ఆరు అంకెలలో పుట్టిన తేదీ దాగి ఉంటుంది: సంవత్సరంలోని పదుల అంకె, నెల, రోజు, సంవత్సరంలోని చివరి అంకె. 2006 మార్చి 11న పుట్టిన అబ్బాయికి అవి 003116గా ఉంటాయి. అమ్మాయి అయితే నెలలోని మొదటి అంకెకు 5 కలుపుతారు కనుక 053116 అవుతుంది. పైన ఉన్న తేదీని దిద్దినవారు ఈ అంకెలను మరిచిపోయే అవకాశం ఉంది.

కార్డు అసలైనదే అయినా మనిషి వేరు కావచ్చు. అన్న లైసెన్సు తెచ్చిన తమ్ముడిని పట్టుకోవాలంటే జుట్టు, గడ్డం, కళ్ళజోడు వదిలేసి చెవుల ఆకారం, ముక్కు, దవడ ఎముక చూడాలి. సందేహం తీరకపోతే కార్డును చేతిలో ఉంచుకునే పుట్టిన తేదీ, పోస్ట్‌కోడ్ చెప్పమని అడగవచ్చు. అప్పటికీ తీరకపోతే అమ్మకూడదు.

తిరస్కరించిన ప్రతిసారీ తేదీ, సమయం, వస్తువు, కారణం దుకాణం రిజిస్టరులో రాయాలి. ఇది కాగితం నింపే పని మాత్రమే కాదు. బెట్టింగ్ వంటివాటికి వర్తించే 2005 గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం, వయసు తెలుసుకోవడానికి తగిన చర్యలన్నీ తీసుకుని, ఎదుటివారు పెద్దవారేనని సహేతుకంగా నమ్మినట్టు చూపగలిగితే అది నిందితుడికి రక్షణ అవుతుంది. ఆ రిజిస్టరు అందుకు ఆధారంగా నిలుస్తుంది. బెట్టింగ్ షాపులో పందెం కాసిన తరువాత 18 నిండలేదని తేలితే, కాసిన డబ్బు తిరిగి ఇచ్చేయాలి, గెలుపు డబ్బు మాత్రం ఇవ్వకూడదు.

ఆన్‌లైన్‌లో ఈ బాధ్యత కంపెనీలదే. 2019 మే 7కి ముందు వయసు నిర్ధారణకు 72 గంటల గడువు ఉండేది, ఆ లోపే పిల్లలు ఆడేసే వీలుండేది. ఇప్పుడు వయసు నిర్ధారణ అయ్యేదాకా ఖాతాలో డబ్బు వేయనివ్వకూడదు, ఉచిత ఆటలు కూడా ఆడనివ్వకూడదు. కొత్తగా దేశానికి వచ్చినవారి వివరాలు అక్కడి రికార్డుల్లో దొరక్కపోతే పాస్‌పోర్టు ప్రతి అడుగుతారు. అయితే ఇంట్లో పెద్దల పేరుతో తెరిచిన ఖాతాను పిల్లలు వాడితే ఈ పరీక్షకు దొరకదు కాబట్టి, ఆ పాస్‌వర్డును పిల్లలకు తెలియకుండా ఉంచుకోవాల్సింది ఖాతాదారులే.