వెంటవెంటనే రెండు క్రూజ్‌లా? మధ్య రోజు జాగ్రత్తలు

మయామీలో ఉదయం ఒక క్రూజ్ ముగిసి, సాయంత్రం అదే ఓడలో రెండోది మొదలవుతుంటే ముందురోజు రాత్రే సిద్ధపడండి.

- పాస్‌పోర్టు, రెండో ప్రయాణపు బోర్డింగ్ పాస్, మందులు చేతిసంచిలో ఉండాలి. అమెరికా రేవుల్లో కస్టమ్స్ తనిఖీ అందరికీ తప్పదు. ఓడలో ప్రయాణికులెవరూ మిగల్లేదని లెక్క తేలాకే కొత్తవాళ్లను ఎక్కనిస్తారు. "మేం ఇక్కడే ఉంటాం కదా" అని గదిలో పడుకుంటే, కింద పిల్లాపెద్దలతో వేలమంది ఎదురుచూస్తూ ఉండిపోతారు. దయచేసి చెప్పిన సమయానికి, చెప్పిన చోటికి రండి.

- ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే, వాళ్ల వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా? టికెట్లు కొనకముందే చూడండి. బహామాస్ వెళ్లొచ్చినా అమెరికాలోకి మళ్లీ కొత్తగా ప్రవేశించినట్టే. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

- టెర్మినల్లో కాసేపు కూర్చోవాల్సి రావచ్చు. పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ ముందే అడగండి.

- గది మారుతుంటే పెట్టెలు సర్దిపెట్టండి. హ్యాంగర్లకున్న బట్టలు మామూలుగా సిబ్బందే మారుస్తారు. నగలు, డబ్బు మాత్రం మీ దగ్గరే ఉండాలి, లాకర్ ఖాళీ చేయండి.

- మొదటి ప్రయాణపు బిల్లు రాత్రే సరిచూసుకోండి.

- కొత్త గది కార్డు తీసుకోండి. భద్రతా డ్రిల్ మళ్లీ చేయాలి.