పుట్టగొడుగుల ఫొటోల్లో పచ్చరంగు ఎలా పోయిందంటే (నా అనుభవం)

రెండ్రోజులు ముసురు పట్టి వదిలాక పొద్దున్నే విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవికి వెళ్లా, చెదపుట్ట పక్కన తెల్లటి పుట్టగొడుగులు గుంపుగా లేచున్నాయి, ఎంత ముచ్చటేసిందో. తీరా ఇంటికొచ్చి చూస్తే ఫొటోలన్నీ పాచి పట్టినట్టు పచ్చగా, ఎండ పడ్డచోట తెల్లగా పేలిపోయి, గొడుగు కింద మాత్రం చీకటి. ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత అర్థమైంది, ఆకుల్లోంచి వడకట్టుకుని దిగే వెలుతురే పచ్చగా ఉంటుంది, కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని పూర్తిగా సరిచెయ్యలేదు. అందుకే రెండోసారి గ్రే కార్డు (రంగు సరిచూసుకోడానికి వాడే బూడిదరంగు అట్ట) పుట్టగొడుగు పక్కనే పెట్టి, దాన్నిబట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకుని, తర్వాత కూడా రంగులు సరిదిద్దుకునే వీలుండే రా ఫైల్‌లో తీశా. ఎండ చుక్కలకి మన నల్ల గొడుగే అడ్డం పట్టా, రంగు గొడుగైతే ఆ రంగు కూడా పడిపోతుంది జాగ్రత్త.

అసలు తేడా తెచ్చింది అల్యూమినియం ఫాయిల్. నలిపి, మళ్లీ సాపు చేసి, అట్టముక్కకి అంటించి వెలుతురు కిందనుంచి పైకి కొట్టేలా నేలమీద ఏటవాలుగా పెట్టానో లేదో, పుట్టగొడుగు కింద మడతలు ఒక్కోటీ విడివిడిగా కనిపించాయి, ఒక మడత అంచున ఆవగింజంత పురుగుతో సహా!

ట్రైపాడ్ అంత కిందకి దిగదు కాబట్టి కిలో బియ్యం సంచి మీద కెమెరా ఆనించి ఎఫ్/8 (లెన్సు తెరుచుకునే కొలత), ఐఎస్ఓ 200 (వెలుతురుకి కెమెరా సున్నితత్వం), నొక్కినప్పుడు కదలకుండా 2 సెకన్ల టైమర్. షట్టర్ అర సెకను దాకా వెళ్లింది, గాలి ఆగేదాకా ఓపిక పట్టాల్సిందే. దేన్నీ పీకలేదు, ఎండుటాకులు రెండు పక్కకి జరిపి, తీశాక మళ్లీ కప్పేశా.