రంగులో కనిపించే తప్పు రంగులోనే ఉండదు: చిన్న సైనికుల బొమ్మల సమస్యలు - పరిష్కారాలు

మనమే ముక్కలు అతికించి రంగులేసుకునే 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలు, 1815 వాటర్లూ యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ పదాతి దళం. వీటితోనే చెప్తాను, ఎందుకంటే ఎర్ర కోటు, దాని మీద తెల్ల పట్టీలు, రెండూ ఏడిపించే రంగులే. ఏ పని దగ్గర తేడా కనిపించినా, దానికి ముందు చేసిన పనిని అనుమానించండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

చేతులు, తుపాకులు ఊడిపోతున్నాయా?
సూపర్ గ్లూ వాడుంటారు. అది పెళుసు, దెబ్బ తగిలితే విడిపోతుంది. గట్టి ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి, అది రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. లోహపు బొమ్మలకు మాత్రం సూపర్ గ్లూయే. పాత జిగురు గీకేసి మళ్ళీ అతికించి, రాత్రంతా కదపకండి.

వేలు తగిలితే రంగు పొరలుగా లేస్తోంది
అచ్చు నుంచి వచ్చిన నూనె, మన చేతి జిడ్డు, లేదా ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే అడుగు పూత) వేయకపోవడం. ముక్కలు అవి వచ్చిన ప్లాస్టిక్ చట్రంలో ఉండగానే గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్ బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఇప్పటికే రంగు వేసేసి ఉంటే, అంచుల్లో మాత్రమే లేస్తే సరిచేసుకోవచ్చు, అంతటా లేస్తుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ యాక్రిలిక్ రంగు తీసేయడమే మేలు. అసిటోన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, బొమ్మే కరిగిపోతుంది.

ప్రైమర్ ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది
మన దగ్గర అందరికీ ఎదురయ్యేది ఇదే. మే నెల మధ్యాహ్నం మేడ మీద స్ప్రే కొడితే రంగు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోయి పొడిలా పడుతుంది, డబ్బా మరీ దూరంగా పట్టుకున్నా అంతే. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో గాలిలో తేమే చెడగొడుతుంది. పొద్దున చల్లటి వేళ, డబ్బా రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి చిన్న చిన్న విడతల్లో కొట్టండి. వానలు పడుతుంటే స్ప్రే మానేసి కుంచెతో వేసే ప్రైమర్ వాడండి, ఆలస్యమైనా సరే. గరుకు కొద్దిగానే ఉంటే బాగా ఆరాక పొడి టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దితే చాలావరకు పోతుంది.

ఎరుపు చచ్చిపోయినట్టుంది, తెలుపు సున్నంలా గడ్డ కట్టింది
నల్ల ప్రైమర్ మీద ఎరుపు నేరుగా వేస్తే ఎన్ని పొరలేసినా లేవదు. కింద గోధుమ రంగో, బూడిద రంగో ఒక పొర వేసి, ఎరుపును నీళ్ళతో పల్చన చేసి రెండుసార్లు వేయండి. అయినా ఆ కాలంలో మామూలు సిపాయి కోటు మంజిష్ఠ వేరు రంగుతో అద్దిన ఇటుక ఎరుపే, ధగధగలాడే ఎరుపు ఆఫీసర్లకూ సార్జెంట్లకూ ఉండేది, కాబట్టి పటాలమంతా మెరవాలని టెన్షన్ పడక్కర్లేదు, కొంచెం మసకగా ఉంటేనే నిజానికి దగ్గర. పట్టీలకు ముందు లేత బూడిద రంగు, ఆరాక దాని మీద తెలుపు, అంచుల్లో సన్నగా బూడిద కనపడేలా వదిలేయండి. తెలుపు ఎరుపు మీదికి పోతే, ఆరాక ఎరుపుతో కప్పేయండి. కాలరు, కోటు చేతుల అంచుల రంగు రెజిమెంటును బట్టి మారుతుంది, 33వ రెజిమెంటుకు ఎరుపు, 44వదానికి పసుపు, అది ముందే చూసుకోకపోతే మొత్తం మళ్ళీ వేయాల్సొస్తుంది.

మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) తర్వాత తెల్ల మంచు పట్టింది
ఇదీ తేమ పనే, లేదా ఒకేసారి మందంగా కొట్టడం. వెంటనే రంగు తీసేయకండి. కుంచెతో పల్చగా గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పొర వేస్తే చాలాసార్లు ఆ తెలుపు మాయమవుతుంది. అది ఆరాక పొడి వాతావరణం చూసి మళ్ళీ మ్యాట్ కొట్టండి, అదీ ముందు ఒక్క బొమ్మ మీదే, మర్నాడు బాగుందనిపిస్తేనే మిగతావాటికి.