ఫైట్ కంపోజ్ చేద్దాం – 4వ పాఠం: దెబ్బ తినేవాడు

పోయిన పాఠంలో చెప్పినట్టు ఇద్దరిని నిలబెట్టి ఒక్క గుద్దు ఫోన్‌లో తీశారా? నెల్లూరులో మేమూ తీశాం, రంగనాథస్వామి గుడి దగ్గర పెన్నా ఇసుకలో, ఎండ తగ్గాక. కొట్టే కుర్రాడు కరాటే నేర్చినవాడు. చెయ్యి బాణంలా వచ్చింది. వీడియోలో చూస్తే మాత్రం గాలిని గుద్దినట్టుంది.

ముందు ఫోన్ చోటు మార్చాం. ఇద్దరికీ పక్కగా పెడితే పిడికిలికీ దవడకీ మధ్య జానెడు ఖాళీ దొరికిపోతోంది. ఫోన్‌ని కొట్టేవాడి భుజం వెనక్కి తెచ్చి, చేతిని నేరుగా కాకుండా ఎదుటివాడి మొహం ముందునుంచి అడ్డంగా తిప్పమన్నాం. ఖాళీ కనబడలేదు.

అయినా నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి మొహం దాటిపోయాక రెండోవాడు తల తిప్పుతున్నాడు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మూడు ఫ్రేములు ఆలస్యమైతే సెకనులో ఎనిమిదో వంతే, కానీ కన్ను పట్టేస్తుంది. పిడికిలి ముక్కుకు ఎదురుగా వచ్చిన క్షణంలోనే తల కదలాలి. ముందు గడ్డం తిరగాలి, దాని వెంట భుజం, తర్వాత నడుము, చివరికి కాలు తడబడాలి. ఒళ్లంతా ఒక్కసారే ఎగిరితే రోప్ కట్టి లాగినట్టుంటుంది. ఈ వరస మావాడికి పదిహేను టేకులకు గానీ పట్టుబడలేదు. పట్టుబడ్డాక, గేదెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఏం అబ్బయా, గట్టిగా తగిలిందా?" అని దగ్గరికొచ్చి చూశాడు. ఆ రోజు మాకు అంతకన్నా ఏం కావాలి!

కర్రసాము చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఠక్కుమనే ఆ చప్పుడులో సగం, ఎదుటివాడు సమయానికి కర్ర అడ్డం పెట్టడంలోనే ఉంది.

జాకీ చాన్ 1985లో తీసిన 'పోలీస్ స్టోరీ' చివర షాపింగ్ మాల్ ఫైట్ మళ్లీ చూడండి. ఈసారి ఆయన్ని వదిలేసి, గాజు పలకల మీద పడే ఫైటర్లనే చూడండి. ఆయన వేగం మనకు తెలిసేది వాళ్ల ఒంటిమీదే. హీరో కూడా దెబ్బలు తినాలి. 1978 నాటి 'డ్రంకెన్ మాస్టర్'లో హీరో విలన్ చేతిలో ముందు చిత్తుగా ఓడిపోతాడు కాబట్టే చివరి ఫైట్‌లో మనకు గుండె దడ. దెబ్బే తగలని హీరో పదిమందిని గాల్లోకి లేపినా నాకు టెన్షన్ పుట్టదు.

ఈ వారం పని: ఒకే గుద్దును మూడుసార్లు తీయండి. తల ఒకసారి ముందే కదలాలి, ఒకసారి సరిగ్గా, ఒకసారి ఆలస్యంగా. ఇసుకలో గాజు పెంకులు లేవని చేత్తో తడిమి చూసుకోండి, చెయ్యి ఎవరికీ తగలకూడదు. సౌండ్ తీసేసి మూడూ ఇంట్లోవాళ్లకు చూపించి, ఏది నొప్పెట్టిందో అడగండి. కింద పడటం ఎలాగో వచ్చే పాఠంలో. దానికి ఒక పాత పరుపు సంపాదించి ఉంచండి.