చెందుర్తి సిపాయిల తలపాగా ఊడకుండా నిలిచిన పద్ధతి (నా అనుభవం)

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చెందుర్తిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఫోర్డ్ దళం ఫ్రెంచివాళ్లను ఓడించింది. మా గోదావరి జిల్లాల యుద్ధం కదా, చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆటగా ఆడాలని ఎప్పటినుంచో కోరిక. ఫోర్డ్ వైపు పోరాడిన బెంగాల్ సిపాయిల బొమ్మలు దొరకలేదు. అందుకే 1/72 కొలత (అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు) మెత్తటి ప్లాస్టిక్ నెపోలియన్ కాలపు సైనికులకే తలపాగా చుట్టాను. ఆరాక అది చింతపిక్క పెంకులా ఊడొచ్చేది, రంగూ పొరలుగా లేచేది.

దారం, మైదా జిగురు, ఉత్త ఫెవికాల్ అన్నీ చూశాను, నిలవలేదు.

అసలు తప్పు కడగకపోవడం. ప్లాస్టిక్ మీద కంటికి కనబడని జిడ్డు ఉంటుంది. గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రాత్రంతా ఆరబెట్టాను. తర్వాత బ్లేడుతో టోపీ కోసి, మిగిలిన తల మీద అడ్డదిడ్డంగా గీతలు పెట్టాను. ఎమ్‌సీల్ (కలిపితే గట్టిపడే అతుకు ముద్ద) రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసికాను. సేమియా అంత సన్నగా పేని, తడివేలితో రెండు చుట్లు అదిమి, సూదితో మడతలు గీశాను. మర్నాడు నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత, అది ఆరాకే రంగులు. కోటు మాత్రం ఎరుపే వేయండి. ఆ ఎర్రకోట్లు చూసే ఫ్రెంచివాళ్లు సిపాయిలను తెల్లసైనికులని పొరబడ్డారంటారు.

ఇరవై నాలుగు బొమ్మలు చేశాను, రెండు నెలలుగా ఒక్కటీ ఊడలేదు. లోహపు బొమ్మల మీద, గట్టి ప్లాస్టిక్ మీద నేను చేసి చూడలేదు. వానాకాలంలో మా అమలాపురం తేమకి ఆరడానికి ఇంకో రోజు పట్టొచ్చు.