కొత్త కోచ్ సీజన్‌ని స్కోరు ఒక్కటే చూసి తేల్చకుండా ఉండటం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కాలేజీ టీముకి కొత్త కోచ్ వచ్చాడా? అయితే మ్యాచ్ చూసేటప్పుడు కాసేపు బంతిని వదిలేయండి. స్నాప్ అవగానే, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టగానే, పాసులు విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ముందున్న ఐదుగురిని, అంటే అతన్ని కాపాడే లైన్‌ని, చూడండి. వాళ్లు ఎదుటివాళ్లని తోసుకుంటూ ముందుకెళ్తున్నారా, లేక వెనక్కి జరిగి జరిగి సొంత క్వార్టర్‌బ్యాక్ మీదే పడుతున్నారా? నా దృష్టిలో కోచ్ పనితనం ముందు తెలిసేది అక్కడే.

ఇది నాకు 2023లో కొలరాడో యూనివర్సిటీ టీము నేర్పింది. కోచ్ డియాన్ శాండర్స్‌కి అక్కడ అది మొదటి సీజన్. అంతకు ముందు ఏడాది 1-11తో (ఒక గెలుపు, పదకొండు ఓటములు) కుదేలైన టీము, వస్తూనే టీసీయూ అనే యూనివర్సిటీ టీముని 45-42తో ఓడించి వరసగా మూడు గెలిచింది. నాకైతే ఆనందం పట్టలేదు. కానీ టీము క్వార్టర్‌బ్యాక్, కోచ్ కొడుకు షెడ్యూర్ శాండర్స్ కింద పడ్డప్పుడల్లా నోట్‌బుక్‌లో ఒక గీత గీసేవాణ్ణి. ఆ గీతలు ఆగలేదు. ఆ లైన్‌తో బంతి పట్టుకుని పరిగెత్తే ఆట కూడా సాగలేదు. సీజన్ 4-8తో ముగిసింది.

నోట్‌బుక్‌లో పేజీ మధ్యకి ఒక గీత కొట్టండి. ఎడమవైపు ఫస్ట్ హాఫ్, కుడివైపు సెకండ్ హాఫ్. థర్డ్ డౌన్లలో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఎన్నిసార్లు బంతి నిలబెట్టుకున్నారు, పెనాల్టీలు ఎన్ని, సాక్‌లు (పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) ఎన్ని, అంతే చాలు. అక్టోబర్‌లో స్టాన్‌ఫర్డ్ మీద హాఫ్‌టైమ్‌కి కొలరాడో 29-0తో ముందుంది. చాలామంది ఇక టీవీ కట్టేసే స్కోరు అది. తర్వాత స్టాన్‌ఫర్డ్ రిసీవర్ (పాసులు అందుకునే ఆటగాడు) ఎలిక్ అయోమనోర్ 97 గజాల టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) కొట్టాడు. ఓవర్‌టైమ్‌లో, తనని కాపు కాస్తున్న కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్ హెల్మెట్ వెనక్కి చేతులు చాచి, బంతిని అక్కడే అదిమి పట్టుకున్నాడు! రెండో ఓవర్‌టైమ్‌లో కొలరాడో 46-43తో ఓడింది. ఎదుటివాళ్లు ఆట మారిస్తే మన కోచ్ ఏం మార్చాడన్నది ఆ కుడివైపు కాలమ్‌లోనే దొరుకుతుంది.

పాత రికార్డు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) ఎవరొచ్చారన్నది సీజన్‌కి ముందే ఒకసారి చూసుకోండి. ఇండియానా యూనివర్సిటీ టీము 2023లో 3-9. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి వస్తూ తన పాత టీము జేమ్స్ మాడిసన్ నుంచి పది మందికి పైగా ఆటగాళ్లని వెంట తెచ్చుకున్నాడు. పద్ధతి తెలిసిన వాళ్లుంటే మొదటి ఏడాదే పని మొదలవుతుంది. 2024 రెగ్యులర్ సీజన్ 11-1.

ఓడిపోయాక ఎలా ఆడారో మాత్రం తప్పకుండా చూడండి. ఇండియానాకి ఆ ఒక్క ఓటమి ఓహయో స్టేట్ చేతిలో, 38-15. మరుసటి వారం పర్‌డ్యూ మీద 66-0తో గెలిచారు గానీ, ఆ ఏడాది పర్‌డ్యూ బలహీనం కాబట్టి నేను దానికి పెద్దగా మార్కులు వేయలేదు. డిసెంబర్‌లో ప్లేఆఫ్‌కి వెళ్లి, నోటర్‌డామ్ మీద 27-3తో వెనకబడి, మ్యాచ్ చేజారిపోయిందని తెలిసి కూడా చివరి రెండు నిమిషాల్లో రెండు టచ్‌డౌన్లు చేశారు. 27-17తో ఓడారు. నా నోట్‌బుక్‌లో ఆ సీజన్ మొత్తానికి మెచ్చుకోలుగా ఎర్ర ఇంకుతో గుండ్రంగా గీత గీసింది ఆ రెండు నిమిషాలకే.