పోలిటోపియాలో స్టార్లు ఎక్కడ పెట్టాలి

కాజీపేటలో రైలెక్కి మా బామ్మర్దితో పోలిటోపియా (ఊళ్లు పెంచుకుంటూ, సైనికుల్ని నడిపే ఫోన్ ఆట) ఆడితే సికింద్రాబాద్ రాకముందే ఓడిపోయేవాణ్ని, ఎందుకంటే చేతికొచ్చిన ప్రతి స్టారూ సైనికుల మీదే తగలేసేది. ఈ ఆటలో డబ్బంటే స్టార్లే. అవి టర్ను టర్నుకీ ఊళ్ల నుంచి వస్తాయి, ఊరి లెవెల్ పెరిగితే రాబడీ పెరుగుతుంది.

అందుకే ముందు పక్కనున్న పండ్లో జంతువులో చూసుకోండి (దానికి తగ్గ టెక్నాలజీ ఉండాలి). ఒక్కోదానికి 2 స్టార్లు పెడితే జనాభా 1 పెరుగుతుంది. రెండో లెవెల్‌కి జనాభా 2 చాలు, మూడో దానికి ఇంకో 3. రెండో లెవెల్ రాగానే వర్క్‌షాపా, ఎక్స్‌ప్లోరరా (తిరిగి మ్యాప్ చూపించేవాడు) అని అడుగుతుంది. మ్యాప్ మరీ పెద్దది కాకపోతే నేను వర్క్‌షాపే తీసుకుంటా, టర్నుకి 1 స్టార్ ఆట అయ్యేదాకా వస్తూనే ఉంటుంది కదా.

చాలామంది గమనించనిది టెక్నాలజీ ధర. ఊళ్లు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది: టెక్నాలజీలు మూడు వరసల్లో ఉంటాయి, మొదటి వరసలోది ఒక్క ఊరుంటే 5 స్టార్లు, మూడుంటే 7. మూడో వరసకైతే ఊరికి 3 చొప్పున లెక్కేసి దానికి 4 కలపాలి. గ్రామాన్ని పట్టుకుంటే అది మీ ఊరైపోతుంది, కాబట్టి సైనికుడు గ్రామంలో నిలబడి పట్టుకోవడానికి రెడీగా ఉన్నప్పుడు, ఆ బటన్ నొక్కకముందే కావాల్సిన టెక్నాలజీ కొనేయండి, ఆ తర్వాత అదే టర్నులో గ్రామం పట్టండి.